అడవి నదిలో లాంచీ యాత్ర: మంజీర తీరం నుంచి పాపికొండల దాకా

అడవి కొండల మధ్య పారే నదిలో లాంచీ మీద ప్రయాణించి, ఒడ్డున వెదురు గుడిసెలో రాత్రి గడిపి, మర్నాడు మళ్ళీ నీటిదారి పట్టే యాత్రకు తెలుగు ప్రాంతంలో పేరుపడ్డ చోటు పాపికొండలు. తూర్పు కనుమలను గోదావరి చీల్చుకుని మైదానంలోకి దిగేది ఇక్కడే. తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం ఈ కొండలకు చాలా దూరంలో ఉంది. అయినా ఎల్లారెడ్డి వైపు పారే మంజీర గోదావరికి ఉపనది కాబట్టి, ఆ నీటిలో కాలువలకూ ఆనకట్టలకూ పోగా మిగిలింది పాపికొండల మీదుగానే సముద్రానికి చేరాలి. ఒకే నదీ వ్యవస్థలో పై భాగాన జలాశయం మీద వెదురు పుట్టి ప్రయాణం, కింది భాగాన కొండలోయలో లాంచీ ప్రయాణం కనిపిస్తాయి. పడవ ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో, రాత్రి బస ఎంత సాదాగా ఉండాలో రెండు చోట్లా నీటిమట్టమే నిర్ణయిస్తుంది.

మంజీర తీరం

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. జిల్లా కేంద్రం 44వ జాతీయ రహదారి మీద, సికింద్రాబాద్ – నిజామాబాద్ రైలు మార్గంలో ఉంది. ఎల్లారెడ్డి దానికి నైరుతి దిక్కున ఉన్న రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఈ ప్రాంతపు ప్రధాన నది మంజీర. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలోని బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చి, సుమారు 724 కిలోమీటర్లు పారి గోదావరిలో కలుస్తుంది.

ఎల్లారెడ్డికి దగ్గర్లో ఈ నది మీద నిజాంసాగర్ ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. రాతి కట్ట పొడవు సుమారు మూడు కిలోమీటర్లు. కట్టినప్పుడు 29 టీఎంసీలకు పైగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక చేరి చేరి 17.8 టీఎంసీలకు తగ్గింది. పూడిక పడ్డ జలాశయంలో నిండుకుండ రోజులు కొన్నే. ఎండాకాలానికి నీరు బాగా వెనక్కి తగ్గి, పడవలు తిరిగిన చోట పశువులు మేస్తుంటాయి.

ఎల్లారెడ్డి నుంచి మెదక్ వెళ్ళే దారిలో పోచారం జలాశయం ఉంది. మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద 1917–1922 మధ్య దీన్ని కట్టారు. నీరు నిండితే కట్ట మీదుగా పొర్లి కిందికి దూకేలా నిర్మించడం దీని ప్రత్యేకత. జలాశయాన్ని ఆనుకుని ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో చుక్కల దుప్పి, కణితి, మనుబోతు, ఎలుగుబంటి, చిరుత ఉంటాయి. శీతాకాలంలో వలస పక్షులు వస్తాయి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కురిసిన అతి భారీ వర్షాలకు పోచారం మీద మునుపెన్నడూ లేనంత వరద పడింది. కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్ళు భయపడ్డాయి కానీ, వందేళ్ళ నాటి కట్టడం నిలిచింది.

ఈ రెండు జలాశయాల్లో నీటి మీద బతుకు ముఖ్యంగా చేపల వేటది. జాలర్లు వాడేవి పుట్టి, తెప్ప, చిన్న నాటు పడవ. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున నీరు దిగని పొర వేసిన పుట్టికి ముందు వెనుకలు లేవు. తెడ్డు వేసే చేతి నేర్పే దాన్ని తిన్నగా నడిపిస్తుంది. లోతు తక్కువ నీటిలో, మునిగిన మోడుల మధ్య తిరగడానికి అది అనువైనది. పారే నదిలో దూర ప్రయాణానికి పనికిరాదు. అడవి నదిలో లాంచీ యాత్ర కోరుకునే వారు అందుకే ఇక్కడి నుంచి దిగువ గోదావరికి వెళ్తారు.

కందకుర్తి నుంచి కూనవరం దాకా

మంజీర, గోదావరి, హరిద్ర కలిసే కందకుర్తి త్రివేణి సంగమం నిజామాబాద్ జిల్లాలో ఉంది. అక్కడి నుంచి గోదావరి బాసర మీదుగా శ్రీరాంసాగర్ జలాశయంలో చేరుతుంది. ఆ కింద ఎల్లంపల్లి, సుందిళ్ళ, అన్నారం కట్టడాలు. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిశాకే గోదావరి నిజంగా పెద్ద నది అవుతుంది. తర్వాత ఇంద్రావతి, తాలిపేరు, కిన్నెరసాని కలుస్తాయి. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి చేరుతుంది.

ఇన్ని ఆనకట్టలు అడ్డం ఉండటంతో మంజీర నుంచి పాపికొండలకు నీటి మీద ఏకదారి లేదు. పైగా శ్రీరాంసాగర్ కింద వేసవిలో నది చాలా దూరం ఇసుక తిన్నెగానే ఉంటుంది. లాంచీ తిరగడానికి సరిపడా నీరు ఏడాదిలో ఎక్కువ కాలం ఉండేది భద్రాచలం దిగువన మాత్రమే. భద్రాచలం – రాజమహేంద్రవరం మధ్య 171 కిలోమీటర్ల నదీ మార్గం నాలుగో జాతీయ జలమార్గంలో భాగం. దీన్ని 2008లో ప్రకటించారు.

కొండల నడుమ గోదావరి

భద్రాచలం దగ్గర కిలోమీటరుకు మించి వెడల్పుండే గోదావరి పాపికొండల సందులో బాగా ఇరుకవుతుంది. వెడల్పు తగ్గిన చోట నది లోతు పెంచుకుంటుంది. కొండ మలుపుల్లో నీరు రాతిని కొట్టి వెనక్కి తిరగడం వల్ల సుడులు పుడతాయి. పైకి నిశ్చలంగా కనిపించే నీటి అడుగున ప్రవాహం బలంగా ఉంటుంది. వరదలో ఈ ఇరుకు దాటలేని నీరు ఎగువకు ఎగదన్నుతుంది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల మట్టాల వద్ద వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ మట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది.

లోయకు రెండు వైపులా ఉన్న అడవిని 1978లో అభయారణ్యంగా, 2008లో పాపికొండ జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్ల పైమాటే. పులి, చిరుత, అడవి దున్న, ఎలుగుబంటి, రేచుకుక్క, కొండగొర్రె ఇక్కడి జంతువులు. లాంచీ చప్పుడుకు ఒడ్డున జంతువులు నిలవవు కాబట్టి, యాత్రికులకు కనిపించేవి ఎక్కువగా పక్షులే.

ఇది వాన అడవేనా?

పర్యాటక ప్రకటనల్లో పాపికొండలను వాన అడవి అనడం ఉంది. వృక్షశాస్త్రం ప్రకారం అది సరికాదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే వాన అడవులు మన దేశంలో పశ్చిమ కనుమల్లో, ఈశాన్యంలో, అండమాన్, నికోబార్ దీవుల్లో ఉన్నాయి. పాపికొండలవి ప్రధానంగా తేమ ఆకురాల్చే అడవులు. మారేడుమిల్లి వైపు లోయల్లో కొంత మేర సగం పచ్చగా నిలిచే అడవి కనిపిస్తుంది. మద్ది, ఏగిస, ఇప్ప, తాడి, వెదురు, జీలుగు ఇక్కడి ముఖ్యమైన చెట్లు. కార్తికంలో ముదురు పచ్చగా ఉన్న కొండే ఫాల్గుణం నాటికి ఆకు రాల్చి రాయి బయటపెడుతుంది. పోచారం అడవి ఇంకా పొడి. అక్కడ వేసవిలో నీడ దొరకడమే కష్టం.

అమెజాన్ మీద మనౌస్, బెలెం నగరాల మధ్య తిరిగే పడవల్లో ప్రయాణికులు డెక్ మీద ఎవరి ఊయల వారు కట్టుకుని రోజుల తరబడి పడుకుంటారు. మలేసియాలోని సబా రాష్ట్రంలో కినబతాంగన్ నది ఒడ్డున కర్ర బసల నుంచి చిన్న పడవల్లో కోతులను, ధనేశ పక్షులను చూడటానికి వెళ్తారు. అసలు వాన అడవి నదులంటే ఇవి. వాటితో పోలిస్తే పాపికొండల దారి చాలా చిన్నది. అడవి కన్నా కొండలోయ రూపమే దీని ప్రధాన ఆకర్షణ.

పడవల చరిత్ర

గోదావరి మీద ఆవిరి పడవలు నడపాలన్న పెద్ద ఆలోచన బ్రిటిష్ ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్‌ది. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, బేరార్ పత్తిని నది మీదుగా తీరానికి దించాలని ఆయన ప్రతిపాదించాడు. అప్పట్లో భద్రాచలం వైపు గోదావరి రెండు ఒడ్లూ నిజాం ఏలుబడిలో ఉండేవి. 1860 ఒప్పందంతో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిష్ వారికి వదిలాడు. నది మీద సరుకు రవాణాకు సుంకం ఉండకూడదన్న షరతుకు కూడా ఒప్పుకున్నాడు.

నదిలో పడవకు అడ్డుపడే రాతి మెట్లు మూడు చోట్ల ఉన్నాయి. వాటిలో మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టారు. ఆ లోపు బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తికి దగ్గర దారి దొరకడంతో 1871లో పథకాన్ని వదిలేశారు. దుమ్ముగూడెం దగ్గర ఆ నాటి పనుల గుర్తులు మిగిలాయి.

సరుకు రవాణా ఆలోచన వీగిపోయినా మనుషుల ప్రయాణం ఆగలేదు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం రాజమహేంద్రవరం వైపు నుంచి భద్రాద్రి రాముడి కల్యాణానికి వెళ్ళేవారికి లాంచీ ముఖ్యమైన దారి. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన రావడం, రోడ్లు మెరుగుపడటంతో ఆ అవసరం తగ్గింది. బాపు తీసిన ‘అందాల రాముడు’ (1973) ఈ నదీ ప్రయాణం మీద అల్లిన సినిమా. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) అదే దారిని కొత్త తరానికి చూపించింది. యాత్రికుల లాంచీ పర్యాటక లాంచీగా మారిన క్రమం ఈ రెండు సినిమాల మధ్య కాలానిది.

లాంచీ, సరంగు, రేవు

ఇప్పుడు తిరిగేవి డీజిల్ ఇంజను లాంచీలు. చాలావాటికి రెండు అంతస్తులు. కింద కుర్చీలు, వంటగది, పైన ఎండకు కప్పు వేసిన డెక్. చుక్కాని పట్టేవాణ్ణి సరంగు అంటారు. ఏ మలుపులో సుడి ఉంది, ఏ మట్టంలో ఏ రాయి మునుగుతుంది అన్న లెక్క అతని తలలోనే ఉంటుంది. పెద్ద శబ్దంతో సినిమా పాటలు, మైకు, సందడి లాంచీ యాత్రలో భాగమైపోయాయి. అడవి నిశ్శబ్దం కోసం వచ్చినవారికి ఇదే పెద్ద నిరాశ.

ఎక్కడానికి రెండు వైపులా రేవులున్నాయి. రాజమహేంద్రవరం వైపు వారు గండి పోచమ్మ గుడి దగ్గర ఎక్కి ఏటికి ఎదురుగా వెళ్తారు. భద్రాచలం వైపు వారు కూనవరం దాటి, వరరామచంద్రాపురం మండలంలోని పోచవరం రేవులో ఎక్కి దిగువకు వెళ్తారు. ఎల్లారెడ్డి దగ్గరి పోచారానికీ ఈ పోచవరానికీ సంబంధం లేదు. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ మండలం 2014 రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. రెండు వైపుల లాంచీలూ సాధారణంగా పేరంటపల్లి దాకా వెళ్తాయి. అక్కడ బాలానంద స్వామి నెలకొల్పిన శ్రీరామకృష్ణ మునివాటం, శివాలయం, కొండ మీంచి వచ్చే ఊటనీరు ఉన్నాయి. ఉదయం ఎక్కి సాయంత్రానికి తిరిగి రేవు చేరే ఏకదిన యాత్రే ఎక్కువమంది చేసేది.

రాత్రి బస

రెండు రోజుల యాత్రకు పేరు తెచ్చినవి లోయలోని కొల్లూరు దగ్గరి వెదురు గుడిసెలు. ఇసుక తిన్నెకు దగ్గరగా వెదురు తడికెలతో గోడలు, ఆకు కప్పు, లోపల పరుపు, ఉమ్మడి మరుగుదొడ్లు. వసతి అంటే ఇంతే. కరెంటుకు నమ్మకం లేదు. ఫోను సిగ్నలు లోయలోకి రాదు. వంట ఒడ్డునే. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్ మారేడుమిల్లి వైపు నుంచి పేరుకెక్కిన వంటకం. పాపికొండల బసల్లోనూ దీన్ని అడిగి తింటారు.

ఈ సాదాతనాన్ని నిర్వాహకుల పిసినారితనంగా చూడటం పొరపాటు. ఏటా వరద మింగే ఒడ్డున సిమెంటు కట్టడం నిలవదు. జాతీయ ఉద్యానం పరిధిలో శాశ్వత నిర్మాణాలకు అటవీ చట్టాలు ఒప్పుకోవు. విప్పి మళ్ళీ కట్టుకోగలిగే వెదురే ఇక్కడికి తగిన సామగ్రి. దాన్ని కోసి, చీల్చి, అల్లే పని కూడా దగ్గరి ఊళ్ళ చేతుల్లోనే ఉంది. నిజాంసాగర్, పోచారం దగ్గర నిజాం కాలం నాటి రాతి అతిథి గృహాలు నిలిచాయంటే, అవి కట్టుబడిన నీటి గట్టున ఉండటం వల్ల. పారే నది పక్కన ఆ సౌకర్యం లేదు.

ఒడ్డున ఉన్నవారు

లోయ ఊళ్ళలో ప్రధానంగా కొండరెడ్లు, కోయలు ఉంటారు. కొండరెడ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహంగా గుర్తించింది. పోడు వ్యవసాయం, వెదురు పని, అడవి ఫలసాయం, చేపల వేట వీరి ఆధారాలు. జీలుగు కల్లు వీరి ఆహారంలోనూ పండుగల్లోనూ భాగం. పేరంటపల్లి రేవులో యాత్రికులు కొనే వెదురు పూలు, బుట్టలు, బొమ్మలు వీరు చేసినవే. యాత్రికులకు లాంచీ వినోదం. వీరికి సంతకూ ఆస్పత్రికీ అదే బస్సు.

ప్రమాదాలు, కట్టడి

2018 మే 15న కొండమొదలు వైపు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానలో మునిగి పలువురు గిరిజనులు చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ నుంచి బయలుదేరిన ‘రాయల్ వశిష్ఠ’ అనే పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర సుడిలో చిక్కి తిరగబడింది. అందులో 77 మంది ఉన్నారు. కచ్చులూరు గ్రామస్థులు నాటు పడవల్లో వెళ్ళి చేతికందిన వారిని పైకి లాగడంతో 26 మంది బతికారు. యాభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. వారిలో వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి కలిసి వెళ్ళినవారూ ఉన్నారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటును బయటికి లాగింది.

రెండు ఘటనల్లో మొదటిది అకస్మాత్తు గాలి వల్ల, రెండోది ఉద్ధృత ప్రవాహంలో ఇరుకు మలుపు దాటబోవడం వల్ల జరిగాయి. కచ్చులూరు తర్వాత పర్యాటక లాంచీలు ఆపేశారు. రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టి, బోటు సామర్థ్యం, ప్రయాణికుల జాబితా, లైఫ్ జాకెట్లు, నదిలో ప్రవాహం పరిశీలించాకే వదలాలన్న పద్ధతి తెచ్చారు. 2021 చివరికి సర్వీసులు మళ్ళీ మొదలయ్యాయి. దేశవ్యాప్తంగా 1917 నాటి పాత చట్టం స్థానంలో లోతట్టు నౌకల చట్టం కూడా 2021లోనే వచ్చింది.

పోలవరం తర్వాత

పాపికొండల దిగువన కడుతున్న పోలవరం ప్రాజెక్టు పనుల్లో భాగంగా 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదికి మళ్ళించారు. తాత్కాలిక కట్ట అయిన కాఫర్ డ్యాము వల్ల నీరు ఎగదన్ని దేవీపట్నం పరిసర గ్రామాలు మునిగాయి. పోలవరం, పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవుల నుంచి నేరుగా పాపికొండలకు వెళ్ళే పాత దారి ఆనకట్టతో తెగింది. గండి పోచమ్మ రేవుకు ప్రాధాన్యం వచ్చింది అందుకే.

పూర్తి మట్టం 45.72 మీటర్లకు నీరు నిలిపితే లోయలోని ఇసుక తిన్నెలు, ఒడ్డు ఊళ్ళు చాలావరకు మునుగుతాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారం నిర్వాసిత కుటుంబాలు లక్షకు పైగా ఉన్నాయి. ప్రవాహం నెమ్మదిస్తుంది కాబట్టి వేసవిలో కూడా లాంచీ తిరిగే వీలుంటుంది. కానీ ఒడ్డున వెదురు అల్లే చేతులు, కచ్చులూరులో మనుషులను కాపాడిన నాటు పడవల వారు అక్కడ ఉండరు. మంజీర 1931లో నిజాంసాగర్ అయినట్టే, పాపికొండల గోదావరి కూడా పారే నది నుంచి నిలిచే జలాశయంగా మారుతోంది. పూడిక విషయంలో నిజాంసాగర్ అనుభవం పోలవరానికి ముందే వచ్చిన పాఠం.

కృష్ణ మీద నల్లమల దారి

జలాశయం మీద అడవి యాత్ర ఎలా ఉంటుందో కృష్ణా నది చూపిస్తుంది. నాగార్జున సాగర్ నుంచి శ్రీశైలానికి నల్లమల కొండల మధ్య లాంచీ ప్రయాణం సుమారు 110 కిలోమీటర్లు. దాదాపు రోజంతా పడుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల నుంచి కూడా శ్రీశైలానికి లాంచీ నడుస్తుంది. తెలంగాణ పర్యాటక సంస్థ వీటిని నీరు సరిపడా ఉన్న నెలల్లోనే నడుపుతుంది. ఒడ్డంతా పులుల అభయారణ్యం కావడంతో దారిలో రాత్రి బస ఉండదు.

కామారెడ్డి వైపు నుంచి వెళ్ళేవారికి

కామారెడ్డి నుంచి హైదరాబాద్ సుమారు 110 కిలోమీటర్లు, అక్కడి నుంచి భద్రాచలం రోడ్డు దారిన 310 కిలోమీటర్లు. రైలులో అయితే కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి, మిగిలిన 40 కిలోమీటర్లు బస్సులో వెళ్ళాలి. భద్రాచలంలో రాత్రి ఉండి, తెల్లవారుజామున పోచవరం రేవుకు బయలుదేరడం అలవాటైన పద్ధతి. రాజమహేంద్రవరం వైపు వెళ్ళేవారు గండి పోచమ్మ రేవు ఎంచుకుంటారు.

కార్తికం నుంచి మాఘం దాకా నదికీ అడవికీ మంచి కాలం. జూన్ నుంచి అక్టోబరు దాకా ఏ రోజైనా లాంచీలు ఆగవచ్చు. బయలుదేరే ముందు రోజు భద్రాచలం నీటిమట్టం, రేవు కంట్రోల్ రూము అనుమతి తెలుసుకోవాలి. లైఫ్ జాకెట్ ప్రయాణం పొడవునా ఒంటి మీదే ఉండాలి. పైడెక్ మీదికి అందరూ ఒకేసారి ఎక్కితే లాంచీ తూకం తప్పుతుంది. ఇసుక తిన్నె దగ్గర నీరు మోకాలి లోతుగా కనిపించినా రెండడుగుల అవతల మడుగు ఉండవచ్చు కాబట్టి, స్థానికులు చూపిన చోట తప్ప దిగకూడదు. టార్చి, దోమతెర, మందులు, తాగునీరు వెంట తీసుకెళ్ళాలి. కొనుగోళ్ళకు చిల్లర నోట్లు పనికొస్తాయి. ప్లాస్టిక్ చెత్తను తిరిగి తెచ్చుకోవాలి, ఎందుకంటే లోయలో దాన్ని ఎత్తే పారిశుద్ధ్య బండి రాదు.